తడి ఇసుక మీద ఊదా నీడలు: సొరోయా సముద్రపు పిల్లల బొమ్మల్లో ఎండ ఎక్కడి నుంచి వస్తుంది?

క్లుప్తంగా: స్పెయిన్ చిత్రకారుడు హోవాకీన్ సొరోయా వేసిన సముద్రతీరపు పిల్లల బొమ్మలను ఇంటర్నెట్‌లో చాలామంది ఇంప్రెషనిస్ట్ చిత్రాలంటారు. నిజానికి 1870లలో పారిస్‌లో ఏర్పడిన ఆ చిత్రకారుల బృందంలో ఆయన ఎప్పుడూ లేరు. వాళ్ల దగ్గర కొన్ని పద్ధతులు తీసుకున్నారు, కొన్ని వదిలేశారు. ఆ బొమ్మల్లో కనిపించే ఎండకి ముఖ్య కారణం తడి ఇసుక, తడి ఒళ్లు, వాటి మీద పడే నీడల రంగు. ఆ సంబరం మొదలవడానికి ముందు, అదే ఒడ్డున ఆయన చాలా విషాదమైన చిత్రం ఒకటి వేశారు.

మడ్రిడ్‌లోని ప్రాదో మ్యూజియంలో ‘చీకోస్ ఎన్ లా ప్లాయా’ అనే తైలవర్ణ చిత్రం ఉంది. ఒడ్డున కుర్రాళ్లు, అంతే ఆ పేరుకి అర్థం. ఎత్తు 118 సెంటీమీటర్లు, వెడల్పు 185. పడుకోబెడితే ఒక మనిషి పట్టే మంచమంత ఉంటుంది. 1909-10 నాటిది. ముగ్గురు మగపిల్లలు, ఒంటి మీద నూలుపోగు లేకుండా, అల తడిపి వెళ్లిన చోట బోర్లా పడుకుని ఉన్నారు. ఆకాశం లేదు. నీళ్లూ ఆకాశమూ కలిసే గీత లేదు. పడవ లేదు, గొడుగు లేదు. కాన్వాస్ నిండా నీళ్లూ ఇసుకా, వాటి మీద ఐమూలగా మూడు ఒళ్లు.

కథ ఏమీ లేని ఈ బొమ్మ ముందు జనం ఎందుకు ఆగుతారు? ఫోన్‌లో చూసినా ‘ఎండ కొడుతోంది’ అని ఎందుకు అనిపిస్తుంది? ఈ ప్రశ్నలకి ‘ఇంప్రెషనిస్టిక్ కదా, అందుకే’ అని జవాబు చెప్పడం ఒక అలవాటుగా మారింది. ఆ జవాబులోనే గందరగోళం ఉంది.

ఇంప్రెషనిస్టా, ఇంప్రెషనిస్టికా?

ఇంప్రెషనిజం అనేది మొదట ఒక బృందం పేరు. 1874 ఏప్రిల్‌లో పారిస్‌లో, ఫొటోగ్రాఫర్ నాదార్ ఖాళీ చేసిన స్టూడియోలో మోనే, రెన్వార్, దెగా, పిసారో తదితర చిత్రకారులు సొంతంగా ఒక ప్రదర్శన పెట్టారు. మోనే చిత్రం పేరులో ఉన్న ‘ఇంప్రెషన్’ అన్న మాటను పట్టుకుని లూయీ లెరోయ్ అనే పాత్రికేయుడు వెటకారంగా రాసిన సమీక్ష నుంచి ఆ పేరు జనంలోకి వెళ్లింది. తిట్టు కాస్తా బిరుదయింది. 1886 వరకు మొత్తం 8 ప్రదర్శనలు జరిగాయి. ఆ తర్వాత ఎవరి దారి వాళ్లది.

ఆ మొదటి ప్రదర్శన నాటికి సొరోయాకి 11 ఏళ్లు. పుట్టింది 1863లో, స్పెయిన్ తూర్పు తీరంలోని వలెన్సియాలో. రెండేళ్ల వయసులో కలరా తల్లినీ తండ్రినీ తీసుకుపోతే పిన్ని కుటుంబం పెంచింది. ఆయన చదువు స్పెయిన్ అకడమిక్ పద్ధతిలోనే సాగింది. ప్రాదోలో 17వ శతాబ్దపు స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెస్ చిత్రాలకు నకళ్లు వేశారు, స్కాలర్‌షిప్ మీద రోమ్ వెళ్లారు. ఒంటి నిర్మాణం, బొమ్మ గట్టిదనం, నలుపు రంగు వాడకం అన్నీ అక్కడి నుంచి వచ్చినవే. స్పెయిన్‌లో ఆయన్ని ‘లూమినిస్తా’ అంటారు, వెలుగు చిత్రకారుడని.

తేడా ఎక్కడ అంటే, మోనే తర్వాతి దశ చిత్రాల్లో వస్తువు వెలుగులో కరిగిపోతుంది. గడ్డివామి గడ్డివాములా కాకుండా ఒక వేళకి గుర్తుగా మిగులుతుంది. సొరోయా చిత్రంలో వెలుగు ఎంత విరగగొట్టినా పిల్లవాడి భుజం భుజంలాగే ఉంటుంది, దాని కింద ఎముక ఉందని తెలుస్తుంది. ప్రాదో చిత్రంలో దగ్గరున్న కుర్రాడి అంచులు తేటగా ఉండి, దూరం వెళ్లేకొద్దీ ఒళ్లు నీళ్లలో కలుస్తున్నట్టు పలచబడతాయి. రెండు పద్ధతులూ ఒకే కాన్వాస్‌లో పక్కపక్కనే ఉన్నాయన్నమాట. కాబట్టి ఆ ఛాయలున్నాయని ‘ఇంప్రెషనిస్టిక్’ అంటే ఒప్పుకోవచ్చు. ఆ బృందం మనిషని ‘ఇంప్రెషనిస్ట్’ అంటే మాత్రం చరిత్ర ఒప్పుకోదు.

తడి ఇసుక చేసే పని

ఒడ్డున నిలబడితే అందరికీ తెలిసిన సంగతే, కానీ ఎందుకో ఆలోచించం: ఇసుక తడిస్తే రంగు ముదురుతుంది. పొడి ఇసుకలో రేణువుల మధ్య గాలి ఉంటుంది. వెలుతురు గాలిలోంచి రేణువులోకి, రేణువులోంచి గాలిలోకి మారిన ప్రతిసారీ చెదిరి, చాలావరకు బయటికి వచ్చేస్తుంది. అందుకే తెల్లగా కనిపిస్తుంది. ఆ ఖాళీల్లో నీళ్లు నిండితే చెదరడం తగ్గి, వెలుతురు లోపలికి పోయి అక్కడే ఇంకిపోతుంది. ఇసుక గోధుమరంగుకి దిగుతుంది.

అదే సమయంలో అల వెనక్కి జారినప్పుడు ఇసుక మీద పలచటి నీటి పొర ఒకటి మిగులుతుంది. కొద్ది సెకన్ల పాటు అది అద్దం. కాళ్ల దగ్గర నిటారుగా చూస్తే కింద ఇసుక కనిపిస్తుంది. కాస్త దూరంగా, ఏటవాలుగా చూస్తే ఆకాశం కనిపిస్తుంది. చూపు ఎంత వాలితే నీటి పొర అంత ఎక్కువ ప్రతిబింబిస్తుంది.

ఈ రెండూ కలిసినప్పుడు పడుకున్న పిల్లవాడి పక్కన ఇసుక మీద రెండు బొమ్మలు పడతాయి. ఒకటి నీడ: సూర్యుడు ఎటుంటే దానికి ఎదురు వైపు. రెండోది ప్రతిబింబం: చూసేవాడి వైపు, సూర్యుడితో సంబంధం లేకుండా. నీడ ఇసుక మీద ఉంటుంది, ప్రతిబింబం ఇసుక లోపల ఉన్నట్టు ఉంటుంది. చాలా మామూలు బీచ్ బొమ్మల్లో ఈ రెంటినీ కలిపి ఒక ముదురు మరకగా పూసేస్తారు. సొరోయా విడదీస్తారు. ప్రాదో చిత్రంలో ఒళ్ల కింద గోధుమ, ఊదా, నీలం పట్టీలు ఒకదాని పక్కన ఒకటి అడ్డంగా పరుచుకుని ఉండటానికి కారణం అదే. చూసేవాడు లెక్క కట్టడు గానీ కన్ను కడుతుంది. ఆ రెండూ సరిపోయినప్పుడే ‘ఇది నిజంగా తడిగా ఉంది’ అని నమ్ముతుంది.

ఇక నీడ ఊదా రంగులో ఎందుకు? నీడలో వెలుతురు లేదనుకుంటాం, ఉంటుంది. నేరుగా ఎండ పడకపోయినా నీలి ఆకాశం నుంచి వెలుతురు వస్తూనే ఉంటుంది, కాబట్టి నీడ నీలానికి మొగ్గుతుంది. దీనికి తోడు కంటి స్వభావం ఒకటుంది. పసుపు పక్కన పెట్టిన బూడిదరంగు కాస్త ఊదాగా కనిపిస్తుంది. పారిస్‌లోని గొబెలాఁ నేతశాలలో రంగుల విభాగం చూసిన రసాయన శాస్త్రవేత్త షెవ్రూల్ 1839లో దీన్ని సూత్రంగా రాశారు. నల్ల దారం సరిగ్గా నల్లగా లేదని వచ్చిన ఫిర్యాదులకు కారణం అద్దకంలో లేదని, పక్కన నేసిన దారం రంగులో ఉందని ఆయన గమనించారు. ఆ సూత్రాన్ని ఇంప్రెషనిస్టులు ఆరుబయటికి తీసుకొచ్చారు. సొరోయా తీసుకున్నది ముఖ్యంగా ఇదే.

నేల నుంచి పైకి ఎగసే వెలుతురు మాట కూడా చెప్పుకోవాలి. ఎండలో ఇసుక చిన్న దీపంలా పనిచేస్తుంది. పిల్లవాడి ఛాతీ కింద, గడ్డం కింద, నీడ ఉండాల్సిన చోట లేత నారింజ వెచ్చదనం పడుతుంది. పైన ఆకాశపు నీలం, కింద ఇసుక నారింజ, మధ్యలో తడి చర్మం మీద ఎండ తగిలిన చోట దట్టంగా పెట్టిన దాదాపు తెల్లని రంగు. తెల్లగౌన్ల చిత్రాల్లో ఇది ఇంకా బాగా తెలుస్తుంది. సొరోయా వేసిన తెల్లగౌనులో అచ్చమైన తెలుపు ఉన్న చోటు చాలా తక్కువ.

తూర్పు ఒడ్డు, పడమటి ఎండ

వలెన్సియా సముద్రం తూర్పున ఉంది. విశాఖ, కాకినాడ, సూర్యలంక వాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు చూస్తే సూర్యుడు వీపు వెనక ఉంటాడు. ఎదురుగా ఉన్న మనుషుల మీద వెచ్చటి ఎండ నిండుగా పడుతుంది, నీళ్లు ముదురు నీలంగా ఉంటాయి, నీడలు సముద్రం వైపు సాగుతాయి. గోవాలో సాయంత్రం దీనికి పూర్తిగా తిరగబడుతుంది. సూర్యుడు ఎదురుగా నీళ్ల మీద ఉండటంతో తడి ఇసుక కళ్లలో కొడుతుంది, మనుషులు నల్లటి ఆకారాలవుతారు. సెల్ఫీ తీసుకోబోయినవాళ్లకి అనుభవమే. పిల్లల ఒళ్ల మీద అన్ని రంగులు కనబడాలంటే తూర్పు తీరమూ సాయంత్రపు ఎండా కావాలి. సొరోయాకి అవి సొంత ఊళ్లోనే దొరికాయి.

ఆయన పెద్ద కాన్వాసులను నేరుగా ఒడ్డుకే మోయించేవారు. గాలికి ఎగరకుండా తెరలు, పైన గొడుగో గుడ్డ పందిరో, చేతిలో పొడవాటి కుంచె. ఆరుబయట పని అంటే ఎలా ఉంటుందో చెప్పడానికి మోనే చిత్రం ఒకటి సాక్ష్యం: 1870లో ఫ్రాన్స్‌లోని ట్రూవిల్ ఒడ్డున వేసిన చిన్న చిత్రం లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది, దాని రంగులో ఆ రోజు గాలికి ఎగిరి అంటుకున్న ఇసుక రేణువులు ఇప్పటికీ ఉన్నాయి.

వెలుతురు గంటకో తీరు మారుతుంది కాబట్టి వేగం తప్పదు. నెమ్మదిగా వేయాల్సి వస్తే తాను అసలు వేయలేనని సొరోయా అనేవారు. దీన్ని ‘అప్పటికప్పుడు పూసేసిన బొమ్మ’ అని అర్థం చేసుకుంటే పొరపాటు. అరచేతి వెడల్పు చెక్కలు, అట్టల మీద ఆయన వేసుకున్న రంగు నమూనాలు వందల్లో ఉన్నాయి. వాటికి తోడు పెన్సిల్ స్కెచ్‌లు. కచేరీలో కల్పనస్వరాలు అప్పుడే పుట్టినట్టుంటాయి గానీ వాటి వెనక ఏళ్ల సాధన ఉంటుంది కదా, ఇదీ అలాంటిదే. ఇంకో మాట, ఆయన మామగారు ఆంతోనియో గార్సియా వలెన్సియాలో పేరున్న ఫొటోగ్రాఫర్. కుర్రతనంలో సొరోయా ఆ స్టూడియోలో ఫొటోలకు రంగులు దిద్దేవారు. ఆకాశాన్ని కత్తిరించేయడం, కదలికను మధ్యలో పట్టుకోవడం అనే అలవాట్లలో కెమెరా ప్రభావం ఉందనుకోవడం సమంజసమే. 1908 నాటి ‘ఒడ్డున పరుగు’ చిత్రం స్పెయిన్‌లోనే ఒవియెదో నగర మ్యూజియంలో ఉంది. అందులో గౌన్లు వేసుకున్న ఇద్దరు ఆడపిల్లలు, వాళ్ల వెనక బట్టల్లేని ఒక కుర్రాడు పరుగెడుతున్నారు. పాదాలు నేలని తాకీ తాకకుండా ఉన్న ఆ క్షణం ఎక్కువసేపు పోజు పెట్టి వేయించుకునేది కాదు.

ట్యూబు, రైలు, డాక్టరు

ఈ బొమ్మలు 18వ శతాబ్దంలో ఎందుకు లేవు? చిత్రకారులు లేక కాదు. ఒకటి, రంగు బయటికి మోసుకెళ్లే వీలు లేదు. నూరిన రంగును పంది మూత్రాశయపు తిత్తుల్లో కట్టి దాచుకునేవారు. ఒకసారి చిల్లు పెడితే మళ్లీ మూయడం కష్టం. 1841లో జాన్ గాఫ్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు నొక్కితే రంగు వచ్చే తగరపు ట్యూబుకి పేటెంట్ తీసుకున్నారు. టూత్‌పేస్ట్ ట్యూబు కన్నా ముందు పుట్టిన ట్యూబు అది. అదే శతాబ్దంలో కోబాల్ట్ నీలం, కృత్రిమ అల్ట్రామరీన్, కాడ్మియం పసుపు, కోబాల్ట్ ఊదా అంగడికి వచ్చాయి. ఊదా నీడ వేయాలన్న ఆలోచన ఒక్కటే సరిపోదు, ఆ రంగు పెట్టెలో ఉండాలి.

రెండు, ఒడ్డున పిల్లలు ఆడుకోవడమే కొత్త. యూరప్‌లో చాలాకాలం సముద్రపు ఒడ్డంటే జాలర్ల చోటు, తుపానుల చోటు. 18వ శతాబ్దం మధ్యలో ఇంగ్లండ్ వైద్యుడు రిచర్డ్ రసెల్ వంటివారు సముద్రపు స్నానాన్ని మందుగా రాయడం మొదలుపెట్టారు. డబ్బున్నవాళ్లు ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌కి, ఫ్రాన్స్‌లోని డియెప్‌కి చికిత్స కోసం వెళ్లారు. రైలు వచ్చాక చికిత్స కాస్తా సెలవుగా మారింది. పారిస్ నుంచి ట్రూవిల్‌కి 1863లో రైలు నడిచింది. ఆ దశకంలోనే బూదాన్ అనే చిత్రకారుడు ఆ ఒడ్డున పెద్ద పెద్ద గౌన్లతో కుర్చీల్లో కూర్చున్న పట్నం ఆడవాళ్లను వేశారు. కుర్ర మోనేకి ఆరుబయట వేయడం నేర్పింది ఆయనే. అయితే బూదాన్ చిత్రాల్లో ఇసుక మీద కూర్చునేవాళ్లే ఎక్కువ, తడిసేవాళ్లు తక్కువ.

మేరీ కసాట్‌తో పోలిక

ఇంప్రెషనిస్ట్ బృందంలో నిజంగా సభ్యత్వం ఉన్న చిత్రకారిణి వేసిన సముద్రపు పిల్లల బొమ్మ ఒకటుంది. అమెరికాలో పుట్టి పారిస్‌లో స్థిరపడిన మేరీ కసాట్ 1884లో వేసిన ‘ఒడ్డున ఆడుకుంటున్న పిల్లలు’ ఇప్పుడు వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో ఉంది. 1886 నాటి చివరి ప్రదర్శనలో దాన్ని పెట్టారు. ఇద్దరు చిన్న ఆడపిల్లలు, బట్టలు మాయకుండా పైన ఏప్రాన్లు, ఒక చిన్న బకెట్టు, పార. మొహాలు సరిగ్గా కనిపించవు. సముద్రం ఎక్కడో వెనక చిన్న పడవలతో నామమాత్రంగా ఉంది.

ఇందులో మెరుపేమీ లేదు. ఎండ కన్నా ఏకాగ్రత ముఖ్యం. ముందున్న పిల్ల పారని పట్టుకున్న తీరు చూస్తే చాలు: బొద్దు చెయ్యి, బిగించిన వేళ్లు, ప్రపంచంతో పని లేని ధ్యాస. పక్కపక్కనే ఉన్నా ఇద్దరూ ఎవరి ఆట వాళ్లు ఆడుకుంటున్నారు. ఆ వయసు పిల్లలు నిజంగా అలాగే ఆడతారు. కసాట్ పిల్లల్ని చూశారు, సొరోయా పిల్లల మీద పడ్డ వెలుగుని చూశారు అని చెబితే కాస్త అతి అవుతుంది కానీ పూర్తిగా అబద్ధం కాదు. ఇంకో తేడా బట్టలది. కసాట్ పిల్లలు సెలవులకొచ్చిన ఇంటి పిల్లలు. వలెన్సియా ఒడ్డున బట్టల్లేకుండా ఈదే కుర్రాళ్లు జాలరి పేటల పిల్లలు. సొరోయా సొంత పిల్లలు మరియా, హోవాకీన్, ఎలెనా మాత్రం ఆయన చిత్రాల్లో తరచూ ఇస్త్రీ చెదరని తెల్లబట్టల్లోనే కనిపిస్తారు.

అదే ఒడ్డున మరో బొమ్మ

1899లో సొరోయా వేసిన ‘త్రిస్తే ఎరెన్సియా’, అంటే విషాద వారసత్వం, దాదాపు మూడు మీటర్ల వెడల్పు. అదే వలెన్సియా ఒడ్డు, అదే నీళ్లు, బట్టల్లేని మగపిల్లలే. కానీ వీళ్లు కర్రల ఊతంతో నడుస్తున్నారు. ముందు ఒక కుర్రాడి కాళ్లు చచ్చుబడి ఉన్నాయి. మధ్యలో నల్ల అంగీ తొడుక్కున్న క్రైస్తవ సన్యాసి వాళ్లని పట్టుకుని నీళ్లలోకి నడిపిస్తున్నాడు. సాన్ హువాన్ దె దియోస్ సంఘం నడిపే ఆశ్రమంలోని పిల్లలను స్నానానికి తీసుకురావడం సొరోయా కళ్లారా చూసి వేసినది. పిల్లల జబ్బుల్లో పోలియో ఒకటి. దానికి వైరస్ కారణమని తేలింది 1908లో. అప్పటిదాకా ఇలాంటివి తల్లిదండ్రుల దురలవాట్ల ఫలితమన్న నమ్మకం బలంగా ఉండేది. బొమ్మ పేరులో ఉన్నది ఆ నమ్మకమే, పేరు ఆ పిల్లలకు న్యాయం చేయలేదు. బొమ్మ చేసింది.

దీనికి 1900 పారిస్ ప్రపంచ ప్రదర్శనలో గ్రాండ్ ప్రి, అంటే అత్యున్నత బహుమతి వచ్చింది. ఆ తర్వాత సొరోయా ఇలాంటి సామాజిక విషాద వస్తువుల జోలికి పెద్దగా వెళ్లలేదు. కారణాలు ఒకటి కన్నా ఎక్కువే ఉండొచ్చు. ప్రదర్శనల్లో పతకాల కోసం విషాదం వేయాల్సిన అవసరం తీరిపోయింది. ఎండ బొమ్మలకు కొనేవాళ్లు దొరికారు. కానీ సాంకేతికంగా చూస్తే కొత్త దారి ఏమీ కాదు. ఈ చిత్రంలో ముదురు నీళ్ల ముందు ఎండ తగిలిన ఒళ్లను నిలబెట్టిన పద్ధతినే పదేళ్ల తర్వాత ఆరోగ్యంగా ఉన్న పిల్లల మీద ప్రయోగించారు. రెండు చిత్రాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ప్రాదో కుర్రాళ్ల సోమరి పడకకు కాస్త బరువు వస్తుంది.

న్యూయార్క్ నుంచి ఫోన్ తెర దాకా

1909 ఫిబ్రవరి 4 నుంచి మార్చి 8 వరకు న్యూయార్క్‌లో స్పెయిన్ కళల కోసం పెట్టిన హిస్పానిక్ సొసైటీలో సొరోయా చిత్రాలు 356 ప్రదర్శించారు. చలికాలపు న్యూయార్క్‌లో మధ్యధరా ఎండ చూడటానికి వచ్చినవాళ్లు దాదాపు 1 లక్షా 60 వేలు. ఆ విజయంతో ఇంటికి తిరిగొచ్చిన వేసవిలోనే వలెన్సియా ఒడ్డున ఆయన తన పేరున్న చిత్రాల్లో చాలావాటిని వేశారు. అదే సొసైటీ వ్యవస్థాపకుడు హంటింగ్టన్ స్పెయిన్ ప్రాంతాల మీద 14 భారీ చిత్రాలు వేయించుకున్నారు. 1919 దాకా సాగిన ఆ పని సొరోయాని పీల్చేసింది. 1920లో బొమ్మ వేస్తుండగా పక్షవాతం వచ్చింది, 1923లో చనిపోయారు.

అప్పటికి పికాసో తరం వచ్చేసింది. వాళ్ల కళ్లకి ఈ ఎండ పాతబడింది, మరీ తీపిగా తోచింది. దశాబ్దాల పాటు స్పెయిన్ బయట సొరోయా పేరు మసకబారింది. 2009లో ప్రాదో, 2019లో లండన్ నేషనల్ గ్యాలరీ పెద్ద ప్రదర్శనలు పెట్టాక మళ్లీ చర్చ మొదలైంది.

ఇప్పుడు ఆయన పిల్లలు కాన్వాస్ ప్రింట్లుగా, ఫోన్ వాల్‌పేపర్లుగా తిరుగుతున్నారు. ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఫొటో సాఫ్ట్‌వేర్ ‘ఆటో’ బటన్ నొక్కితే తెలుపును తెల్లగా, నీడను బూడిదగా దిద్దుతుంది. దాని లెక్కలో ఊదా ఛాయ ఒక లోపం. అలా దిద్దిన ప్రింట్‌లో గౌన్లు సబ్బు ప్రకటనలా తళతళలాడతాయి, తడి ఇసుక సిమెంటు గచ్చులా ఉంటుంది. కొనేముందు మ్యూజియం వెబ్‌సైట్‌లోని బొమ్మ తెరిచి, పిల్లల ఒళ్ల కింద నీడ ఏ రంగులో ఉందో ఒకసారి పోల్చి చూసుకుంటే తేడా అక్కడే దొరికిపోతుంది.